గోడ పక్క లేన్

జగిత్యాల కొలనులో ఎండాకాలం ఈత క్యాంపు మొదలైన రోజు నుంచీ మా అక్షితది ఒకే మాట.

"ఈసారి రిలేల సివరి వంతు నాదే మమ్మీ. కోరుట్లోళ్లను కొట్టుడు కొట్టుడే."

పన్నెండేళ్లలోపు పిల్లల జట్టులో దానికిదే ఆఖరి ఏడు. పోయినేడు కూడా చివరి వంతు దానిదే. కోరుట్ల కెప్టెన్, పొడుగు చేతుల పిల్ల, జానెడు ముందు గోడ ముట్టింది. తిరిగి వస్తుంటే అక్షిత తల తుడుద్దామని తువ్వాలు తీశాను. తల పక్కకు తీసుకుని, ఊరొచ్చేదాకా కిటికీలోంచే చూస్తూ కూర్చుంది.

రిలే అంటే నలుగురు ఒకరి తర్వాత ఒకరు కొలను ఒక పొడవు ఈదాలి. మొదటి పిల్ల అటు పోతే రెండో పిల్ల ఇటు వస్తుంది, మూడో పిల్ల అటు, నాలుగో పిల్ల ఇటు. నాలుగో పిల్ల అవతలి గట్టు నుంచి నేరుగా జనం ముందుకు వస్తుంది. గెలుపైనా ఓటమైనా అందరి కళ్లూ దాని చెయ్యి మీదే ఉంటాయి. అందుకే ఆ వంతు కోసం పిల్లలకన్నా తల్లులం ఎక్కువ కొట్టుకుంటాం.

ఈ ఏడు జట్టులోకి లావణ్య వచ్చింది. కొడిమ్యాల పిల్ల. తండ్రి కల్లు గీయడానికి తాళ్లెక్కుతాడు. సెలవులకు జగిత్యాలలో మేనత్త ఇంట్లో ఉండి క్యాంపులో చేరింది. నీళ్లలో పడితే ఆ పిల్లను పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. కానీ తిన్నగా పోలేదు. సగం దూరం వెళ్లేసరికి కుడి వైపు వంపు తిరిగి, లేన్ల మధ్య కట్టిన తాడుకు భుజం కొట్టుకుని ఆగిపోతుంది. రోజూ ఇదే. రోజూ గట్టు మీద పిల్లలు నవ్వేవాళ్లు, అదీ నవ్వేది. మా అక్షిత మాత్రం నవ్వకుండా, తల వంచి, ఆ పిల్ల వంపు తిరిగే చోటునే చూసేది.

పోటీ ముందురోజు నేను కోచ్ జలపతి సార్‌ను పక్కకు పిలిచాను.

"సార్, సివరికి అక్షితనే పెడ్తున్నరు గదా?"

"నాకేం ఎరుక మేడమ్? వరస వాళ్లే చెప్పుకుంటరు. మన జట్టుల మొదటి సంది గట్లనే."

"పిల్లలు సార్ వాళ్లు."

"నీళ్లల్ల దిగేది వాళ్లు. మీరు నేను గట్టు మీదనే ఉంటం గదా."

ఆయనతో వాదించి లాభం లేదు. ఇంటికొచ్చాక అక్షితను అడిగితే "రేపు సూడు" అంది.

పోటీ సిరిసిల్లలో. పొద్దున్నే వ్యాన్ ఎక్కాం. కొడిమ్యాలలో ఆగితే లావణ్య నాయనమ్మ ఐలవ్వ ఎక్కింది. కాళ్ల దగ్గర సంచి పెట్టుకుని నా పక్కనే కూర్చుంది.

"నీ బిడ్డేనా గా మూలకు కూసున్నది? మస్తు గంభీరమున్నది. పెండ్లి సూపులకు పోతున్నట్టు."

"పోటీ అంటే గట్లనే ఉంటది అవ్వా. మీ లావణ్యకు ఈత ఎవలు నేర్పిన్రు?"

"ఎవలు నేర్పుతరు? వాళ్ల నాయిన వీపుకు డబ్బ గట్టి బాయిల దొబ్బిండు. గంతే. నేను ఒడ్డు మీద నిలవడి తిట్టిన తిట్టు తిట్టకుంట తిడితిని. అది గోడ పొంటి సుట్టు దిరుగుకుంట, సుట్టు దిరుగుకుంట, బర్రె లెక్క ఎంతకూ బయిటికి రాదాయె."

వ్యాన్ అంతా నవ్వింది. అక్షిత మాత్రం ముందు సీటు మీదికి వంగింది.

"అవ్వా, గోడ ఏ దిక్కు ఉంటుండె? దీని ఎడమ చెయ్యి దిక్కేనా?"

"అగో, ఎడమ చెయ్యి దిక్కే. ఎందుకే?"

"ఏం లేదు," అని అక్షిత వెనక సీటుకు పోయింది. లావణ్య, రాయికల్ నుంచి వచ్చే అక్కాచెల్లెళ్లిద్దరూ దాని చుట్టూ తలలు దగ్గర పెట్టారు. ఏం మాట్లాడుకున్నారో ఇంజన్ చప్పుడులో నాకు వినపడలేదు.

సిరిసిల్ల కొలను దగ్గర అప్పటికే జనం. అక్కడి తల్లులు స్టీలు పళ్లేల మీద గరిటెలతో ఒకే లయలో వాయిస్తున్నారు. మరమగ్గాలు నడిచే షెడ్డు ముందు నిలబడ్డట్టే ఉంది. కోరుట్ల పిల్లలందరికీ ఒకే రంగు టోపీలు. మా పిల్లలవి ఎవరి టోపీ వాళ్లదే, లావణ్యది మేనత్త కూతురి దగ్గర తెచ్చుకున్నది, చెవుల మీదికి జారుతోంది.

లేన్ ఎవరు ముందు కోరుకోవాలో చీటీలు వేశారు. మా చీటీ వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. మధ్య లేన్ అన్నిటికన్నా మంచిది. గోడ పక్క లేన్‌లో అలలు గోడకు తగిలి వెనక్కి కొడతాయి, ఈదే పిల్ల మొహానికే. ఈ మాట నేను వీడియోలు చూసి నేర్చుకుని అక్షితకు ఎన్నోసార్లు చెప్పాను.

అక్షిత చెయ్యెత్తింది. "మాకు కుడి దిక్కు గోడ పక్కది కావాలె."

కోరుట్ల వాళ్లలో ఎవరో "వాళ్లే ఇచ్చేసిన్రు పో" అని నవ్వారు. జలపతి సార్ కూడా ఒక క్షణం ఆగి చూశాడు. తర్వాత అదే రాయించాడు. నేను గట్టు దాకా పరుగెత్తాను.

"అక్షితా! పిచ్చి లేసిందా? మధ్యల తీసుకో!"

"మమ్మీ, నువ్వు కూసో."

ఆ గొంతులో కోపం లేదు. అది నన్ను అలా ఎప్పుడూ కూర్చోమనలేదు. వెళ్లి కూర్చున్నాను.

వరస చూసి మళ్లీ లేవబోయాను. అక్షిత మొదటి వంతుకు నిలబడింది. అవతలి గట్టు మీద, చివరి వంతుకు, టోపీ సర్దుకుంటూ లావణ్య.

"మా దాన్ని సివరికి వెట్టిన్రేంది?" అంది ఐలవ్వ. ఆమెకూ భయమే వేసినట్టుంది.

ఈల వినపడింది. అక్షిత దూకింది. గోడకు తగిలి వెనక్కొచ్చే ప్రతి అలనూ మొహం మీద తింటూ, తల ఎత్తకుండా పోయింది. అంతకుముందు అది అలా ఈదడం నేను చూడలేదు. చివరి వంతు పిల్ల గెలిచే ఈత కాదు అది. తర్వాతి వాళ్లకు ఏమైనా మిగిల్చిపోదామనే ఈత. కోరుట్ల కన్నా బారెడు ముందు అవతలి గట్టు ముట్టింది. రాయికల్ పిల్లలిద్దరూ చేతనైనంత చేశారు. మూడో వంతు అయ్యేసరికి కోరుట్ల మమ్మల్ని దాటేసింది.

కోరుట్ల కెప్టెన్ చేప మాదిరి దూకింది. ఆమె వెనక లావణ్య కాళ్లు ముడుచుకుని, బావిలో దూకినట్టే దభాలున దూకింది. నీళ్లు గట్టు మీదికి ఎగిరాయి, జనం గొల్లున నవ్వారు. ఆ దూకుడుకే ఇంకో బారెడు దూరం పెరిగింది.

తర్వాత ఆ పిల్ల తల పైకి తేలింది. ఊపిరి కోసం ఎడమకు తిరిగింది. ఆ పక్కన గోడ ఉంది.

అప్పుడు అర్థమైంది నాకు. మాకు కుడి వైపున్న గోడ, అటునుంచి వచ్చే పిల్లకు ఎడమ చేతి పక్కకు వస్తుంది. బావిలో ఆ పిల్ల వంపు తిరగలేదు, గోడను పట్టుకుని పోయింది. గోడ గుండ్రంగా ఉంది కాబట్టి గుండ్రంగా పోయింది. గోడ కనపడని చోట అలవాటుగా ఆ వంపే తిరిగింది. ఇప్పుడు పక్కన గోడ ఉంది, అది తిన్నగా ఉంది. గీత గీసినట్టు వస్తోంది. అలలు మొహానికి కొడుతుంటే లెక్కే లేదు. బావిలో అన్ని వైపుల నుంచీ కొట్టేవి కాబోలు.

పళ్లేల చప్పుడు ఆగిపోయింది. సిరిసిల్ల తల్లులు కూడా లేచి నిలబడ్డారు. ఐలవ్వ నా మోచెయ్యి పట్టుకుంది, ఆ పట్టుకు ఇప్పటికీ నొప్పిగానే ఉంది. సగం దూరంలో కోరుట్ల పిల్ల కాళ్ల దగ్గర, ఇంకాస్త ముందుకొచ్చేసరికి నడుం దగ్గర, తర్వాత భుజం పక్కన. లావణ్య చెయ్యి ముందు తగిలింది. నాలుగు వేళ్ల తేడా ఉంటే ఎక్కువ.

ఐలవ్వ ఏడుస్తూ తిడుతోంది. "ఓసి నీ పాడుగాను! బాయిల మాత్రం గిట్ల ఎన్నడు రాకపోతివి!"

నా కళ్లు మాత్రం గట్టు మీది అక్షిత మీదే ఉన్నాయి. ఏడాది పాటు నిద్రలో కూడా కలవరించిన వంతును ఇంకొకరి చేతిలో పెట్టి, ఆ చెయ్యి గోడ ముడితే ఎగిరి గంతేస్తోంది. దగ్గరికెళ్లి అడిగాను.

"సివరికి నువ్వే ఈదుతనంటివి గదనే?"

"నేనైతే మల్ల జానెడు ఎనకనే మమ్మీ," అంది తేలిగ్గా. "ఆకలైతాంది. పులిహోర ఉన్నదా?"

డబ్బా మూత తీస్తుండగా కోరుట్ల కెప్టెన్ వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. టోపీ చేతిలో నలుపుతోంది.

"అక్షితా, గోడ పక్కది ఎందుకు తీసుకున్నరు?"

నేను గబగబా అక్షిత వీపు మీద తట్టాను. చెప్పొద్దని. వచ్చే ఏడు ఇద్దరూ పెద్ద పిల్లల జట్లకు పోతారు. మళ్లీ ఎదురెదురే.

అది నోట్లో ముద్ద పెట్టుకుని అంతా చెప్పేసింది. బావి, ఎడమ చెయ్యి, గోడ, అన్నీ.

"అలలు కొట్టయా?"

"కొడ్తయ్. గోడను సూస్తాంటే ఎరుకనే కాదంటది లావణ్య. సూస్తవా?"

ఇద్దరూ కొలను దగ్గరికి నడిచారు. కోరుట్ల పిల్ల గోడ పక్కన నీళ్లలోకి దిగింది. మా పిల్ల గట్టు మీద పక్కనే నడుస్తూ, పులిహోర చెయ్యి గాల్లో ఊపుతూ అరుస్తోంది.

"తల గంత లేపకు! గోడనే సూడు, గోడనే!"