వెనక ఎడమ చక్రం

అక్తర్ చెవి అంటే ఒకప్పుడు జఫర్‌గఢ్ అంతటా గౌరవం. జాకీ రాడ్డుతో టైరు మీద ఒక్క దెబ్బ వేసి, గాలి ఎంతుందో చెప్పేసేవాడు. ఆ చెవికి సెలవిచ్చింది గాలి డబ్బీ. అక్తర్ జగపతి పటేల్ కారు డ్రైవరు; ఆ డబ్బీని పటేల్ కొడుకు హైదరాబాదు నుంచి తెచ్చాడు. టైర్ల గాలిమూతలు తీసి నాలుగు లావుపాటి మూతలు బిగిస్తే, ఏ చక్రంలో ఎంత గాలి ఉందో స్టీరింగు పక్కన చిన్న తెర మీద వెలుగుతుంది. గాలి తగ్గితే కూస్తుంది. ఇంకేం కావాలి? అక్తర్ రాడ్డును డిక్కీలో పడేసి నవాబులా తిరిగాడు.

ఆ ఏడు సకల జనుల సమ్మెలో బస్సులు ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే అతని తల్లి రబియా బీకి ఉబ్బసం ముదిరింది. ఒకరోజు పొద్దున ఆమె పెదవులు నల్లబడుతుంటే పటేల్ గడప ముందు వెళ్లి నిలబడ్డాడు.

"అడుగుడేందిరా? తాళం తీస్కో. జనగామ దవాఖానకు తోలుకపో," అన్నాడు జగపతి.

కాస్త గాలి తగులుతుందని తల్లిని వెనక సీట్లో ఎడమ కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. ఆమె గొంతులో పిల్లికూతలు వింటూ, తెర మీద నాలుగు చక్రాలకూ ముప్పై రెండు చూస్తూ నడిపాడు.

ఘనపురం దాటాక డబ్బీ కూసింది. వెనక ఎడమ చక్రం ఇరవై ఆరు.

దిగి రాడ్డుతో కొట్టాడు. టైరు నిండుగా మోగింది.

"ఏమాయె బేటా?" అంది తల్లి కిటికీలోంచి.

"ఏం లేదు అమ్మీ. గాలి తక్కువ చూపెడుతుంది. జర ఓపిక పట్టు."

నాలుగు కిలోమీటర్లు పోయాక మళ్ళీ కూత. పందొమ్మిది. ఈసారి చక్రం ముందు గొంతు కూర్చుని మూత కోసం తడిమాడు. లావు మూత లేదు. కొత్త ట్యూబుతో వచ్చిన చిన్న ప్లాస్టిక్ మూత వేలికి తగిలింది.

అక్తర్‌కు అప్పుడు గుర్తొచ్చింది. పోయిన నెల రాస్తారోకోలో కాల్చడానికి ఊరివాళ్లు టైర్లు అడిగితే, అరిగిపోయిన ఈ చక్రం టైరే విప్పి ఇచ్చాడు. గాలి తీశాక మూత మళ్ళీ బిగించడం చేతి అలవాటు. అలా మూతతో సహా ట్యూబు, టైరు మంటల్లో పడ్డాయి. జై తెలంగాణ అని తనూ గొంతు చించుకున్నాడు. మూత బూడిదయ్యాక తెర మీద పాత అంకె అలాగే నిలిచిపోయిందేమో, సరే. కానీ నిలిచిపోయిన అంకె తగ్గదు కదా?

కిటికీలోంచి తల్లి చేయి బయటికొచ్చి గాలిలో ఆడింది. తొందరపెడుతోందనుకున్నాడు. "వస్తున్న అమ్మీ," అంటూ, ఆమె మొహం చూడకుండానే వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

పద్నాలుగు. పదకొండు. కూత ఆగలేదు. లేని మూత మాట విని తల్లిని రోడ్డు మీద ఆపానే అని తన మీద తనకే మండుకొచ్చింది.

"నోరు ముయ్యి, అబద్ధాలదానా!" అంటూ బొత్తాం నొక్కి కూత ఆపాడు. అంకెల మీద నల్ల టేపు అంటించాడు.

కారులో చప్పుడు లేదు. వెనక పిల్లికూతలు కూడా ఆగాయి. అమ్మయ్య, కన్నంటుకుంది అనుకుంటే ప్రాణం ఎంత తేలికపడిందో! ఆమె లేస్తుందని హారన్ కూడా కొట్టకుండా, గుంతలు తప్పిస్తూ జనగామ చేర్చాడు.

దవాఖాన ముందు సరోజన అనే నర్సు వెనక తలుపు తీసి, రబియా బీ మణికట్టు పట్టుకుని చాలాసేపు నిలబడింది.

"అన్నా, ఎంతసేపాయె గిట్లయి?"

"నిద్రపోయింది గదక్కా," అన్నాడు అక్తర్. సరోజన చేత్తో ముసలామె కళ్లు మూసింది.

ఆమెను లోపలికి తీసుకెళ్లాక అతను టేపు పీకాడు. మూడు చక్రాలకు ముప్పై రెండు. నాలుగోదానికి సున్నా.

రాడ్డు తీసి వెనక ఎడమ టైరును కొట్టాడు. అది నిండుగా మోగింది. దారిలో రెండుసార్లు అమ్మ కూర్చున్న ఈ తలుపు పక్కకే వచ్చాడు. రెండుసార్లూ టైరునే చూశాడు.