బూరుగుదూది దిండు

బల్ల మీద కాలు చాపి పడుకున్న స్వర్ణ మోకాలికీ బల్లకీ మధ్య ప్రసన్న మేడం చెయ్యి దూర్చి చూసింది. అరచెయ్యి సులువుగా అవతలికి వచ్చేసింది. మేడం మొహంలో నవ్వు మాయమైంది. గోడవార నిలబడ్డ కనక రెండడుగులు ముందుకొచ్చింది.

కబడ్డీ ఆటలో స్వర్ణ మోకాలి లోపలి లిగమెంటు తెగితే విశాఖపట్నంలో ఆపరేషన్ చేశారు. అప్పట్నుంచీ కాఫీ తోట పని మానుకుని మరీ, కనక కూతుర్ని జీపులో కొండ దింపి సాలూరులోని ఈ ఫిజియోథెరపీ గదికి తీసుకొస్తోంది. కాలు బాగానే మడతపడుతోంది. చాపమంటేనే పూర్తిగా చాపుకోవడం లేదు.

"మోకాలు నిటారుగా రాకపోతే ఆట సంగతి అటుంచు, నడకే కుంటుపడుతుంది," అంది మేడం. "పడుకున్నప్పుడు మోకాలి కింద ఏమైనా పెట్టుకుంటున్నావా?"

"ఏటీ లేదు మేడం," అంది స్వర్ణ, తల్లి వైపు చూడకుండా.

అది అబద్ధమని కనకకి తెలుసు. పిల్ల మూలుగు వినలేక, బూరుగుదూది కూరి చిన్న దిండు కుట్టింది తనే. మోకాలి కింద పెట్టగానే పిల్లకి హాయిగా నిద్రపట్టేది. ఆసుపత్రివాళ్ళు ఇన్ని చేశారు, తను చేసిన పనీ ఒకటి అక్కరకొచ్చిందని ఎంత మురిసిపోయిందో పిచ్చితల్లి!

"అయితే లోపలే ఏదో అడ్డుపడుతోంది. పెద్ద డాక్టరుగారితో మాట్లాడాలి. మళ్ళీ కొయ్యాలంటారేమో," అంటూ మేడం ఫోను అందుకుంది.

కన్నకూతురి కాలు తన చేతులతోనే పాడుచేశానని చెప్పుకోవడం ఏ తల్లికైనా సిగ్గే. కానీ మళ్ళీ కొయ్యడమన్న మాట విన్నాక ఇంకెక్కడి సిగ్గు!

"దిండెట్టాను మేడం. రోజూ నానే ఎట్టాను. సిన్నపిల్ల, నా గుంటనేటీ అనకండి."

మేడం ఫోను పక్కన పెట్టేసింది. తిట్టలేదు.

"అలాగైతే ఇంకా ఆశ ఉందమ్మా. వంచి ఉంచడం వల్ల బిగుసుకుపోయింది, అంతే. మడమ కింద దుప్పటి మడత పెట్టి, మోకాలికి పైన మెల్లగా నొక్కాలి. ఆ పని మీరే చెయ్యాలి. వారం చూద్దాం. అప్పటికీ రాకపోతే డాక్టరుగారి దగ్గరికే."

ఇంట్లో మొదటి రోజే కనక ఓడిపోయింది. నొక్కగానే స్వర్ణ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కనక చేతులు వాటంతటవే సడలిపోయాయి.

"నా వల్ల కాదే ఓలమ్మీ."

"నొక్కమ్మా. తప్పు నాదే. దిండెట్టొద్దని మేడం మొదటి రోజే సెప్పింది. నువ్వప్పుడు మందులకెల్లావు."

"మరి నాకెందుకు సెప్పలేదే!"

"నువ్వంత ముచ్చటగా కుట్టుకొచ్చావు. ఎలా సెప్పమంటావు?"

కనకకి ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టింది, ఏడ్చింది, ఏడుస్తూనే నొక్కింది. ఈసారి పిల్ల మూలిగినా చెయ్యి తియ్యలేదు. ఆ రోజు నుంచి పొద్దునా సాయంత్రమూ అదే పని. అన్నం ముందు కూర్చున్నా ఆమెకి ఆ కాలే కనబడేది.

వారం తిరిగేసరికి మళ్ళీ అదే బల్ల. కనక ఈసారి చూడలేక కిటికీ వైపు తిరిగింది.

"ఇలా రండమ్మా. మీరే చెయ్యి పెట్టి చూడండి," అంది మేడం.

కనక చేతిని మోకాలి కింద పెట్టింది. స్వర్ణ పళ్ళు బిగించి తొడ బిగించింది. మోకాలు దిగింది. ఇంకా దిగింది. కనక వేళ్ళు బల్లకి అతుక్కుపోయాయి, ఉంగరం చర్మంలోకి నొక్కుకుంది.

"నొప్పెడతందా అమ్మా? సెయ్యి తీసెయ్యి," అంది స్వర్ణ.

"సెయ్యి బయటికి రావట్లేదే," అంది కనక. ఏడుస్తూ, నవ్వుతూ, చెయ్యి అక్కడే ఉంచేసింది.