భుజం మీది యాంటెన్నా

ఆ సంస్థలో పనిచేసేది తొమ్మిది మంది. వాళ్ళలో ఆమెను అందరూ కొలతలమ్మ అనేవారు. టీ కప్పు కూడా బల్ల అంచు నుంచి దూరం కొలిచి పెట్టే మనిషని ఓనరు ఒకసారి వేళాకోళంగా అన్నాడు, అదే పేరై కూర్చుంది.

ఆ నెల ఆమె చేతిలో ఉన్న పని అగ్గిపెట్టె అంత పరికరం. నూనె ట్యాంకుల్లోకి దిగి అడుగున పేరుకున్న మడ్డి గోకేవాళ్ళు దాన్ని ఒంటికి తగిలించుకుంటారు. లోపలి మనిషి కదలికల్ని అది ట్యాంకు నోటి దగ్గరున్న పెట్టెకు ఎప్పటికప్పుడు సంకేతాలుగా పంపుతుంది, ముప్పై సెకన్లు కదలకపోతే బయట అలారం మోగుతుంది. సర్క్యూటు సిద్ధమైంది, బ్యాటరీ కుదిరింది. యాంటెన్నా ఒక్కటే తేలలేదు.

ఆమె భర్త చేసేది ఆ పనే. నూనె కర్మాగారంలో ట్యాంకులు కడిగే ఆరుగురిలో అతనొకడు. కాబట్టి పరికరాన్ని తగిలించుకుని చూసే మనిషి కోసం ఆమె వెతుక్కోనక్కర్లేకపోయింది. మొదట రబ్బరు తొడుగున్న పుల్లలాంటి యాంటెన్నా బిగించి ఇచ్చింది. సంకేతం చక్కగా వచ్చింది. రెండో రోజే అతను దాన్ని రెండు ముక్కలుగా తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"దిగేటప్పుడు అంచుకు తగులుకుంది. విరిగింది కాబట్టి సరిపోయింది. విరక్కపోతే నేనే వేలాడేవాణ్ణి," అన్నాడు.

తర్వాత బియ్యపుగింజంత పింగాణీ ముక్కను బోర్డు మీద అతికించి చూసింది. దానికి చుట్టూ ఖాళీ చోటు కావాలి. ఆ డబ్బాలో బ్యాటరీ పక్కన ఖాళీ ఎక్కడిది? పెళ్ళింట్లో మూల నిలబడి ఫోను మాట్లాడినట్టు, సగం మాటలు చేరేవి, సగం చేరేవి కావు.

మూడోది పల్చటి పొర. తేనెరంగు ప్లాస్టిక్ మీద రాగి గీతలు, వెనక జిగురు, ఒక మూల నుంచి దారంలాంటి తీగ. వంచితే వంగుతుంది. బల్ల మీద పెడితే వంద సంకేతాల్లో తొంభై తొమ్మిది చేరాయి. డబ్బాలో అతికించి మనిషి ఛాతీకి తగిలిస్తే అరవై దాటలేదు.

"బల్ల మీద బాగానే ఉందిగా," అన్నాడు ఓనరు. అతను చెడ్డవాడు కాదు. శుక్రవారానికల్లా చూపించాలని కర్మాగారం వాళ్ళు అతని పీకల మీద కూర్చున్నారు.

"బల్ల ట్యాంకులోకి దిగదు సార్."

"అయితే దిగేవాడి మీదే చూడు. శుక్రవారం దాకా నీ జోలికి రాను," అని అతను వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఆమె పరికరాన్నీ, సంకేతాలు అందుకునే రిసీవరునీ, పొరల్నీ ఇంటికి తెచ్చింది. ముందుగదిలో అత్తగారు మిషను కుడుతోంది. ఆవిడ ముప్పై ఏళ్ళుగా దర్జీ. చొక్కాలు, యూనిఫాంలు ఆవిడ చేతి పని. అత్తాకోడళ్ళ మధ్య పోట్లాటలు లేవు, కబుర్లూ లేవు. ఒకరి పనికి ఒకరు అడ్డం రాకుండా ఆరేళ్ళు గడిచిపోయాయి. రెండేళ్ళ క్రితం కర్మాగారంలో ప్రమాదం జరిగాక ఆవిడ మాటలు ఇంకా తగ్గిపోయాయి. కొడుకుతో కలిసి పనిచేసే మనిషి ట్యాంకులో స్పృహ తప్పి పడిపోయాడు. బయటివాళ్ళకు తెలిసేసరికి పదకొండు నిమిషాలైంది. ప్రాణం దక్కింది కానీ మాట సరిగా రావడం లేదు. అప్పటి నుంచీ ఆవిడ కొడుకును పని గురించి ఒక్క మాట అడగలేదు. సాయంత్రం అతని బండి చప్పుడు వినపడేదాకా మిషను తొక్కుతూనే ఉండేది. వినపడ్డాక లేచి మొహం కడుక్కునేది.

కోడలు వంటగదిలో రిసీవరు పెట్టి, భర్త చొక్కా మీద పొరను టేపుతో అంటించింది.

"వంగు. గొంతుక్కూర్చో. గోకుతున్నట్టు చెయ్యి."

"గచ్చు అరిగిపోతుందేమో," అన్నాడతను, కూర్చుంటూనే.

ఛాతీ మీద యాభై ఎనిమిది. నడుం మీద నలభై. చేతి మీద అంటిస్తే మొదట ఎనభై వచ్చింది, అతను నాలుగుసార్లు చెయ్యి ఆడించేసరికి పొర అంచు లేచిపోయింది. ఆమె కాగితం మీద అంకెలు రాసుకుంటోంది. మిషను చప్పుడు ఆగిపోయిందని కాసేపటికి గానీ గమనించలేదు.

"అక్కడెందుకు అంటించావమ్మాయ్?" అంది అత్తగారు. "వాడు వంగితే ఆ చోటంతా ముడతే కదా."

"ఎక్కడ పెట్టినా ఏదో ఒకటి వస్తోంది అత్తయ్యా. ఒంట్లో సగానికి పైగా నీళ్ళే. నీళ్ళు సంకేతాన్ని తాగేస్తాయి. ఒంటికి ఆనకూడదు, ముడత పడకూడదు, ఇనుము తగలకూడదు."

"అన్ని షరతులా? మీ మామగారి కంటే ఎక్కువే ఉన్నాయి." ఆవిడ లేచి మెళ్ళోని కొలత టేపు తీసి కొడుకు వెనక్కి వచ్చింది. మెడకూ భుజం చివరకూ మధ్య, కాస్త వెనగ్గా, వేలు పెట్టి నొక్కింది. "ఇదుగో, ఇక్కడ. చొక్కా మొత్తం వేలాడేది ఈ పట్టీ మీదే. చేతులు ఆడినా, నడుం వంగినా ఇది పెద్దగా కదలదు. చొక్కాలన్నీ చంకలోనో మోచేతి దగ్గరో చిరుగుతాయి. ఇక్కడ చిరిగింది ఒక్కటి చూపించు."

"ఒంటికి ఆనుతుంది కదా?"

"కోటు భుజాల్లో ఏం పెడతాం? స్పాంజి. వేలు మందం పెట్టి కుడితే ఆనదు."

ఆవిడ బీరువాలోంచి పాత కోటు ముక్క తెచ్చింది. డబ్బాను ఛాతీ మీదే ఉంచి, పొరను మాత్రం స్పాంజి మీద అతికించి భుజం మీద పెట్టారు. తీగ కాస్త పొడవైంది కాబట్టి కొంత బలం పోతుందని కోడలికి తెలుసు. అయినా చూసింది. తొంభై ఆరు. మళ్ళీ చూసింది. తొంభై ఆరే. చెమట సంగతి తేలాలని భర్తను బాత్రూంలోకి పంపి చొక్కా మీద రెండు చెంబుల నీళ్ళు పోసుకు రమ్మంది. తొంభై నాలుగు.

"ఇక చాలా? నాకు తుమ్ములొస్తున్నాయి," అన్నాడు అతను తడిసి నిలబడి. తల్లి అతని నెత్తి మీద తువ్వాలు పడేసింది.

ట్యాంకులోకి దిగేవాళ్ళు భుజాల మీదుగా బెల్టు కట్టుకుంటారు, దాని తాడు బయటివాళ్ళ చేతిలో ఉంటుంది. ఆ బెల్టుకు తగిలించేలా, పొరా స్పాంజీ పట్టే సంచులు ఆరుగురికీ ఆరు కుట్టాలనుకున్నారు. గురువారం కోడలు మిగతా అయిదు పరికరాలు కూడా పట్టుకుని ఆఫీసు నుంచి మధ్యాహ్నమే వచ్చేసి స్పాంజి ముక్కలు కత్తిరించింది. అత్తగారు కుట్టింది. ఇనుప రింగులకు మూడు వేళ్ళ దూరంలో సంచి ఉండాలని కోడలు చెబితే, ఆవిడ సుద్దతో గుర్తు పెట్టింది. నాలుగో సంచి కుడుతూ ఉన్నట్టుండి మాట్లాడింది.

"ఆ రోజు కర్మాగారం నుంచి ఫోనొచ్చింది చూడు. ఎవరో పడిపోయారన్నారు. ఎవరన్నది చెప్పలేదు."

కోడలు కత్తెర ఆపింది. ఆ రోజు తను ఆఫీసులో ఉంది. విషయం తెలిసేసరికే భర్త క్షేమమని కూడా తెలిసింది. ఈ ఫోను సంగతి ఆమెకు ఇప్పటిదాకా తెలియదు.

"తర్వాత పదకొండు నిమిషాలని విన్నాను. ఆ టైములో నేనేం చేస్తున్నానా అని లెక్క వేసుకున్నాను. చొక్కా గుండీలకు కాజాలు కుడుతున్నాను. రెండు కాజాలు అయ్యుంటాయి." ఆవిడ దారం కొరికి తెంపింది. "రెండు కాజాలు కుట్టేంతసేపు ఒక మనిషి అక్కడ అలా పడి ఉన్నాడు."

"నాకెందుకు చెప్పలేదత్తయ్యా?"

"నీ మొహంలో భయం చూస్తే నేను తట్టుకోలేననిపించింది."

కోడలు స్టూలు లాక్కుని మిషను పక్కనే కూర్చుంది. మిగతా రెండు సంచులూ అయ్యేదాకా ముక్కలు ఒక్కొక్కటే అందిస్తూ ఉంది. మధ్యలో ఒకసారి, "రేపు మాతో వస్తారా?" అని అడిగింది. ఆవిడ సూదిలో దారం ఎక్కించుకుంది. పొద్దున ఇస్త్రీ చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది.

కర్మాగారంలో ఆ రోజు కడిగే ట్యాంకు మూడంతస్తుల ఎత్తుంది, దీనికి పైనుంచి దిగే పని లేదు. అడుగున పక్కగా ఉన్న గుండ్రటి నోటిలోంచి ఆరుగురూ ఒకరి వెనక ఒకరు పాక్కుంటూ లోపలికి వెళ్ళారు. నోటి దగ్గర పెట్టె, దాని పక్కన తెర. తెర మీద ఆరు ఆకుపచ్చ గీతలు, మనుషులు కదిలిన కొద్దీ వణుకుతున్నాయి. ఓనరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇందులో మనవాడేది?" అత్తగారు నెమ్మదిగా అడిగింది.

"నాలుగోది."

ఆవిడ ఇంక దాని మీంచి చూపు తిప్పలేదు. అరగంట పని అయ్యాక అనుకున్న ప్రకారం అతను కదలకుండా పడుకోవాలి. ఆ సంగతి అత్తగారికి ముందే రెండుసార్లు చెప్పారు. నాలుగో గీత వణుకు ఆగి తిన్నగా నిలిచింది. మిగతా అయిదూ కదులుతున్నాయి. కోడలి చేతిని ఆవిడ పట్టుకుంది. వేళ్ళు నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది. కోడలు విడిపించుకోలేదు. తనకు కూడా అన్నీ తెలుసు, పరీక్ష అని తెలుసు, అయినా లోలోపల సెకన్లు లెక్కపెడుతోంది.

అలారం మోగింది. గీత ఎర్రబడింది. లోపలి నుంచి ఎవరో నవ్వడం వినపడింది. గీత మళ్ళీ వణికింది, పచ్చబడింది.

"ఎంతసేపైంది?" అంది అత్తగారు.

"ముప్పై సెకన్లు."

"అంతేనా," అని ఆవిడ ఊపిరి వదిలింది. "అందులో ఒక్క కాజా కూడా అవదు."

ఇంకో అరగంట పని సాగాక, లోపలున్న గంటంతటికీ లెక్క తీస్తే వందకు తొంభై అయిదు చేరాయి. తప్పిన సంకేతాలు వరసగా రెండుకు మించి లేవు. ఓనరు అంకెలు రెండుసార్లు చదివి, పొర యాంటెన్నానే ఖాయం చేస్తున్నట్టు కాగితం మీద సంతకం పెట్టాడు. సంచి నమూనా ఎవరిదని అడిగాడు. కోడలు పక్కకు జరిగి అత్తగారిని చూపించింది.

ఆరుగురూ బయటికి పాక్కుంటూ వచ్చారు, జిడ్డు ఓడుతూ. నాలుగో మనిషి లేచి నిలబడి తల్లిని చూసి ఆగిపోయాడు. ఆవిడ ఎప్పుడూ ఆ గేటు దాటి లోపలికి రాలేదు.

"నువ్వెందుకొచ్చావమ్మా?"

"కుట్టు ఎలా నిలిచిందో చూద్దామని," అంది ఆవిడ. దగ్గరికెళ్ళి అతని భుజం మీది సంచిని అంచుల వెంట తడిమింది. కుట్టు ఎక్కడా ఊడలేదు. చూడ్డం అయిపోయినా చెయ్యి మాత్రం తియ్యలేదు. చీర కొంగుకు మడ్డి అంటుకుంటోందని అతను చెప్పబోయి, భార్య మొహం చూసి ఊరుకున్నాడు.