గుల్నాజ్ కట్టిన బ్లాకుల డబ్బా

కొత్తవాడలో గుల్నాజ్ ఇంటికి మూడు వైపులా మగ్గాలే. ఆమె మాత్రం నేయదు. జంపఖానాల మీద వచ్చే డిజైన్లను కంప్యూటర్‌లో గీసి, గళ్ల కాగితం మీద ప్రింటు తీసి నేతవాళ్లకు ఇస్తుంది. ఏ గడిలో ఎరుపు, ఏ గడిలో నలుపు అన్నది ఆ కాగితం చూసుకుంటూ వాళ్లు నేస్తారు. ఆరేళ్ల కిందట ఈ పని మొదలుపెట్టినప్పుడు, మిషన్ గీసిన బొమ్మ మగ్గానికి పనికిరాదని అందరూ తీసిపారేశారు. పక్కింటి నర్సింగం ఒక్కడే "ఇటు తే బిడ్డా, నేసి చూద్దాం" అన్నాడు. ఆయన నేసిన మొదటి జంపఖానా అమ్ముడుపోయాకే మిగతావాళ్లు ఆమె గడప తొక్కారు.

మొన్నటి వానాకాలంలో నాలుగు రోజులు తెరిపి లేకుండా ముసురు పట్టింది. చెరువు మత్తడి దూకి, నాలా పొంగి, నీళ్లు గల్లీలోకి వచ్చాయి. ఆ పొద్దున గుల్నాజ్ ఇంట్లో లేదు. అత్త దిల్షాద్ బేగానికి ఆయాసం ఎక్కువైతే దవాఖానలో చేర్పించి, ఆమె మంచం పక్కనే ఉంది. భర్త ఖలీల్ జీపు నడుపుతాడు. ములుగు దారిలో వాగు పొంగి అతను అటువైపే చిక్కుకున్నాడు. ఇంట్లోకి నీళ్లొచ్చాయని ఫోన్ వస్తే విని ఊరుకోవడం తప్ప గుల్నాజ్ చేయగలిగిందేమీ లేదు.

మూడో రోజు వాగు తగ్గి ఖలీల్ దవాఖానకు చేరాక, ఆమె ఇంటికి వచ్చి చూస్తే తాళం పగిలి ఉంది. గోడ మీద మోకాలెత్తున బురద గీత. బల్ల మీదున్న మానిటరు, ప్రింటరు తప్పించుకున్నాయి. బల్ల కింద నేల మీద ఉండే కంప్యూటర్ క్యాబినెట్ మాత్రం అక్కడ లేదు. తలెత్తి చూస్తే అటక మీద కనిపించింది. ఒక పక్కంతా లోపలికి నొక్కుకుపోయి, ముందు మూత రెండు ముక్కలై ఉంది.

నర్సింగం భార్య భాగ్యమ్మ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "తాళం నేనే పగులగొట్టిన బిడ్డా. డబ్బా ఎత్తి అటక మీద పెడ్తాంటె చెయ్యి జారి ఇనుప మంచం మీద పడ్డది. మల్ల ఎత్తిపెట్టిన. ఏమన్న అయిందా?"

"ఏం కాలే పెద్దమ్మా, ఫికర్ చెయ్యకు," అంది గుల్నాజ్. లోపల మాత్రం, జర చూసుకుని ఎత్తితే అయిపోయేది కదా అనుకుంది. ఆ మాట అనుకున్నందుకు అప్పుడు ఆమెకు సిగ్గు కూడా వేయలేదు.

మరలు విప్పి లోపలి సామానంతా బయటికి తీసింది. బోర్డునూ వైర్లనూ ఆరబెట్టి, ఒక చెక్క పలక మీద పరిచి, ప్రాణం అరచేతిలో పెట్టుకుని స్విచ్ వేసింది. తెర వెలిగింది. ఆరేళ్ల డిజైన్లూ వాటి చోట్లలోనే ఉన్నాయి. ఆమె కూర్చున్నచోటే కళ్లు మూసుకుని "షుకర్" అని దేవుడికి చెప్పుకుంది.

చిక్కు ఆ మరుసటి రోజు మొదలైంది. హైదరాబాద్ ఎగ్జిబిషన్ కోసం నేతవాళ్ల సొసైటీకి వచ్చిన ఆర్డరుకు కొత్త డిజైన్లు వారంలో ఇవ్వాలి. హనుమకొండలో కొత్త క్యాబినెట్ కోసం అడిగితే దుకాణాయన తల అడ్డంగా ఊపాడు. గోదాములోకి నీళ్లొచ్చాయి, కొత్త సరుకు వచ్చేసరికి పది రోజులన్నా పడుతుందన్నాడు. సరే, పలక మీదే నడిపిద్దామనుకుంది. కానీ ఆ గల్లీలో గాలితోపాటు నూలు నూగు కూడా తిరుగుతుంది. ఒక పూట గడిచేసరికి బోర్డు మీది చిన్న ఫ్యాన్‌కు నూగు చుట్టుకుని అది తిరగడం మానేసింది. మిషన్ కాగిపోయి ఆరిపోయింది.

నర్సింగం వచ్చి వంగి చూశాడు. గుంటమగ్గంలో నీళ్లు నిలిచి ఆయనకూ పని లేదు. "అట్టడబ్బాల పెట్టరాదు?"

"వేడికి అంటుకుంటే ఇల్లే పోతది పెద్దబాపూ."

ఆ సాయంత్రం పద్మలత టీచర్ ఇల్లిల్లూ తిరుగుతూ దుప్పట్లు పంచుతూ వచ్చింది. గల్లీ చివర ఆమెకు చిన్నపిల్లల బడి ఉండేది. కరోనా రోజుల్లో మూతపడి, మళ్లీ తెరుచుకోలేదు. పలక మీద పరిచిన వైర్ల కుప్పను చూసి సంగతి అడిగింది. గుల్నాజ్ చెప్పింది. టీచర్ కాసేపు ఆలోచించి, మొహమాటంగా అంది. "నవ్వకు గుల్నాజ్. మా బడిల పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ బ్లాకులున్నయ్ సంచెడు. ఒకదాంట్ల ఒకటి బిగుసుకుంటయ్ గదా, అవి. గోడ లెక్క కడితే పనికొస్తదా?"

గుల్నాజ్ నవ్వలేదు. మరుసటి రోజు పొద్దున్నే పోయి బియ్యం బస్తా అంత సంచిని ఇద్దరూ చెరో కొస పట్టుకుని తెచ్చారు.

నేల మీద చాప పరిచి సంచి బోర్లిస్తే ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ బ్లాకులు గుట్టగా పడ్డాయి. గుల్నాజ్ కొలతలు కాగితం మీద గీసుకుంది. పాత క్యాబినెట్‌లో బోర్డు బిగించే రేకు వంగలేదు. దాన్ని విప్పి దాచింది. గోడలు లేపడం తేలికే అనుకుంది కానీ, జానెడు ఎత్తు రాగానే మొదటి గోడ నిలువునా చీలి పడిపోయింది. రెండోదీ అంతే.

నర్సింగం గడపలో కూర్చుని చూస్తున్నవాడు లేచి వచ్చి చాప మీద చతికిలబడ్డాడు. "అతుకు మీద అతుకు రావద్దు బిడ్డా. ముక్కల్ని ఒకదాని నెత్తిన ఒకటి నిలబెడ్తానవ్. కింద అతుకు ఉన్నకాడ పైన నిండు ముక్క రావాలె. అడ్డం నేసే పేక నూలు ఒక దారం కిందికెళ్లి, ఒక దారం మీదికెళ్లి పోతేనే గద బట్ట నిలిచేది."

ఇక ఆయనే ఒక్కో వరుసా పేర్చుతూ పోయాడు. యాభై ఏళ్లు గళ్లు లెక్కపెట్టిన కళ్లు అవి. ఎక్కడ నాలుగు బొడిపెల ముక్క కావాలో, ఎక్కడ ఎనిమిది బొడిపెలది కావాలో చేయి చాచక ముందే చెప్పేవాడు. మిషన్‌కు కరెంటు ఇచ్చే బరువైన పెట్టె కోసం అడుగు వెడల్పుగా కట్టారు. దాని మీద రేకు నిలబెట్టి బోర్డు బిగించారు. ముందు గోడకు ఆయన అడక్కుండానే ఎర్ర బ్లాకులతో జంపఖానా అంచు మీద వేసే మెట్ల డిజైన్ తెచ్చాడు.

మధ్యాహ్నానికి డబ్బా నిలబడింది. స్విచ్ వేస్తే అరగంట బాగానే నడిచి టప్పున ఆరిపోయింది. చేయి పెడితే పైకప్పు కాలుతోంది. గుల్నాజ్ చెంప మీద చేయి వేసుకుని ఆలోచించింది. గాలి లోపలికి పోవడానికి ముందు కిటికీలు వదిలారు కానీ, వేడి బయటికి పోయే దారి లేదు. వెనక పై వరుసల్లో ఒక బ్లాకు విడిచి ఒక బ్లాకు తీసేసింది. పాత క్యాబినెట్ ఫ్యాన్‌ను అక్కడ బిగించింది. ఇక ముందు కిటికీల నుంచి నూగు రాకుండా పలచని బట్ట ఏదైనా కావాలి.

"లోపలి అర్రల పాత ధోతి గుడ్డలున్నయ్, మీ పెద్దమ్మనడుగు," అన్నాడు నర్సింగం.

గుల్నాజ్ పక్కింటి లోపలి గదిలోకి ఎప్పుడూ పోయింది లేదు. తలుపు తోసి అలాగే నిలబడిపోయింది. దండేల నిండా నూలు కట్టలు. రంగులద్ది మగ్గానికి సిద్ధంగా పెట్టిన నూలు అది. ఎరుపు కారి తెలుపులోకి, నలుపులోకి పాకింది. కొన్ని కట్టలు పాలిపోయి గులాబీ రంగుకు తిరిగాయి. కింద ఇంకా బురద వాసన.

"పెద్దమ్మా, నూలంత ఎప్పుడు తడిసింది?"

భాగ్యమ్మ గుడ్డ వెతుకుతున్నట్టు పెట్టెలోకి వంగింది. జవాబు వెనక నుంచి నర్సింగం ఇచ్చాడు. "ఆ పొద్దుగాల నేను సొసైటీ కాడ ఉన్న. నీళ్లు అత్తానయని మీ పెద్దమ్మ ముందుగల్ల మీ ఇంటికే ఉరికింది. డబ్బా ఎత్తిపెట్టి తిరిగొచ్చేసరికి నూలు మునిగింది."

గుల్నాజ్ పాలిపోయిన ఒక కట్టను చేత్తో పట్టి చూసింది. "ముందు నీ ఇల్లు చూసుకోవాలె గద పెద్దమ్మా!"

"నూలు పోతే మల్ల రంగేసుకుంటం," అంది భాగ్యమ్మ తల తిప్పకుండానే. "గల్లీల అందరి డిజైన్లు అండ్లనే ఉన్నయని నువ్వే గద అన్నవ్. అవి పోతే యాడికెల్లి తెత్తవ్?"

"డబ్బా నలగ్గొట్టినవని నిన్ను మనసుల తిట్టుకున్న పెద్దమ్మా."

భాగ్యమ్మ అప్పుడు తిరిగి చూసి నవ్వింది. "మనసుల తిట్టుకుంటే తాకుతదా? గట్టిగ తిడితె నేను గూడ నాలుగు తిడుదును." నవ్వుతూనే పలచని ధోతి ముక్కను చేతిలో పెట్టింది. గుల్నాజ్ ఆ చేయి వదల్లేదు. రెండు చేతులతో పట్టుకుని కళ్లకద్దుకుంది.

గుడ్డ బిగించాక డబ్బా సాయంత్రం దాకా ఆగకుండా నడిచింది. వేడి లేదు, నూగు లేదు. గుల్నాజ్ మొదటి డిజైన్ గీయడానికి కూర్చుంది. కూర్చునే ముందు భాగ్యమ్మ ఇంటి దండెం నుంచి ఆ పాలిపోయిన కట్టల్లో నాలుగు తెచ్చి బల్ల మీద పెట్టుకుంది. గులాబీ, మాసిన తెలుపు, ఎరుపు పాకిన నలుపు: ఆ రంగులే డిజైన్‌లో పరిచింది. సొసైటీవాళ్లు నమూనా చూసి ఈ షేడ్ ఎక్కడ దొరికిందని అడిగారు. తడిసిన నూలులో సగం ఆ ఆర్డరుకే పట్టింది. మిగతా సగానికి మళ్లీ రంగు వేయించక తప్పలేదు.

ఒక రోజు పద్మలత టీచర్ చూడ్డానికి వచ్చింది. డబ్బా ముందు మోకాళ్ల మీద కూర్చుని బ్లాకులను వేలితో తడుముతూ పోయింది. ఒక పసుపు ముక్క మీద స్కెచ్ పెన్నుతో వంకరగా 'మ' అని ఉంది. "ఇది మహిత రాసింది. అన్ని తనవే అనేది," అంది. పోతూ పోతూ గుల్నాజ్ భుజం మీద చేయి వేసి, "ఆ సంచి ఇన్నేండ్ల సంది ముట్టలేకపోయిన. నీ పుణ్యాన మూతి విప్పిన," అంది. థాంక్స్ చెప్పాల్సింది తాను కదా అని గుల్నాజ్ అనేలోపే గడప దాటింది.

ఆ తర్వాతి శుక్రవారం దిల్షాద్ బేగం తేరుకుని ఇంటికొచ్చింది. ఖలీల్ ఆమెను జీపు నుంచి దింపి లోపలికి నడిపించుకొచ్చాడు. బల్ల కింది రంగురంగుల డబ్బాను చూసి ఆమె "ఇదేంది, బొమ్మరిల్లా?" అంది. గుల్నాజ్ ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, తాళం పగలడం దగ్గర్నుంచి పూస గుచ్చినట్టు చెప్పింది. అంతా విన్నాక ముసలామె నమాజుకు కూర్చుంది. చివర చేతులు చాచి దువా చేస్తూ, వినికిడి తక్కువ కావడం వల్ల గొంతు పెంచి, పేరు పేరునా అడిగింది. భాగ్యమ్మకు మంచి చెయ్యి, నర్సింగానికి మంచి చెయ్యి, పద్మలతకు మంచి చెయ్యి.

గోడ అవతల నుంచి భాగ్యమ్మ కేక వినిపించింది. "ఏందమ్మా, నన్ను పిలుత్తానవా?"

"నిన్ను కాదమ్మా," అని అరిచింది దిల్షాద్ బేగం, చేతులు దించకుండానే. "నీ గురించి పైవానికి చెప్తాన!"