సారు తెరవమన్నారు

రేపటి సన్మానానికి ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తోందావిడ. ఆయన పడక్కుర్చీలో కాళ్లు చాపుకుని, తన జీవితచరిత్ర అచ్చుప్రతిని పైకి చదువుకుంటున్నాడు. నీళ్ల ఇంజనీర్లలో పెద్ద తలకాయ. అబద్ధమెందుకు, ఆయన గీసిన కాలువల్లో ఇవాళ్టికీ నీళ్లు చిట్టచివరి పొలం దాకా చేరుతున్నాయి. ఆ గొప్పని ఆవిడ ఏనాడూ కాదనలేదు.

“విన్నావుటే? ‘ఆ మిట్టమధ్యాహ్నం నీటి రంగు చూసే వరదను పసిగట్టి, గేట్లు రెండు గంటల ముందే తెరిపించి, దిగువన మూడు ఊళ్లను కాపాడారు.’ బాగా రాశారు కదూ!”

ఇస్త్రీపెట్టె కాలరు దగ్గరే ఆగిపోయింది.

డ్యాం క్వార్టర్స్‌లో పదకొండేళ్లు. నీటిమట్టం రాసే మనిషి మానేస్తే, “ఇంట్లో ఊరికేగా ఉంటావు, ఆ కొలబద్ద వంక ఓసారి చూసి రాసి పడెయ్యరాదూ?” అన్నాడాయన. ఓసారా? రోజుకు మూడుసార్లు. చంకన పిల్ల, పొయ్యి మీద అన్నం. అత్తగారేమో, “నీళ్ల వంక చూడ్డం కూడా ఓ పనేనా తల్లీ? చూడాల్సిన గిన్నెలు ఇక్కడున్నాయి” అనేది. ఆ అంకెల మీదే ఆయన వరద లెక్క కట్టాడు. లెక్కకు ఆయన పేరే పెట్టారు. పోనీలే అని అదీ సర్దుకుంది. ఆ మధ్యాహ్నమే గొంతులో ముల్లులా ఉండిపోయింది. అన్నం ఉడికేలోపు నీళ్లు జానెడు పెరిగాయి, తేటగా ఉన్నవి ఎర్రమట్టి రంగుకి తిరిగాయి. పరిగెత్తుకొచ్చి లేపితే, “నువ్వా నాకు వరదలు చెప్పేది? పడుకోనీ” అని గోడవైపు తిరిగాడు. ఫోను ఎత్తింది. ఇంజనీరు గారి భార్య చెబితే గేట్ల ఆపరేటరు కదులుతాడా? అందుకే, “సారు తెరవమన్నారు” అంది. ఆ పేరు ఆయన దొంగిలించాడందామంటే, తాళం తీసిచ్చింది తనేనాయె! సాయంత్రం అందరూ ఆయన వీపు తట్టి వెళ్లాక, “నా పేరు చెప్పి మంచిపని చేశావు. ఎవరితోనూ అనకు” అన్నాడు. అనలేదు. ముప్పయ్యేళ్లు. కాకపోతే వాన పడితే చాలు, కాలు ఒకచోట నిలవదు. గదిలోంచి గదిలోకి తిరుగుతూనే ఉంటుంది.

బెల్లు మోగింది. ఆ పుస్తకం కూర్చుతున్న అమ్మాయి, కొత్తగా చేరిన ఇంజనీరు, అచ్చుప్రతి కోసం వచ్చింది. చేతిలో డ్యాం నీటిమట్టాలు రాసిన పాత గేజి పుస్తకం.

“సార్, వరద రోజు పేజీ ఫొటో వేస్తున్నాం. ఈ చేతిరాత మీది కాదు. ఎవరిదని వేయమంటారు?”

“ఎవడో పనివాడమ్మా. పేరెవరికి గుర్తు?” అన్నాడాయన. ఇటు తిరక్కుండానే, “ఏమేవ్, అమ్మాయికి టీ!”

ఆవిడ వంటింటివైపు రెండడుగులు వేసి ఆగింది. వెనక్కొచ్చి ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకేసింది. చొక్కాకి ఒక చెయ్యి ఇంకా ముడతలుగానే ఉంది. అమ్మాయి పక్కన కూర్చుని, పేజీ మూలనున్న నూనెమరక మీద వేలు పెట్టింది.

“వంట చేస్తున్న చేత్తోనే రాశాను తల్లీ.”

“నీకేమైనా మతిపోయిందా?” ఆయన కుర్చీలోంచి లేచాడు.

ఆవిడ ఆయన వంక చూడలేదు.

“కలం ఇటివ్వమ్మా, పేరు నేనే రాస్తాను. ఆ వరద మాట కూడా దిద్దుకో. గేట్లు తెరిచేసరికి సారు నిద్రలో ఉన్నారు.”