అలమర తలుపు లోపలి కాగితం

వెంట్రుకవాసి తేడా, అంతకు మించి లేదు, బండిలోపల మంచం తలవైపు మూలలో గోడకు అంటించిన చారల తొడుగు పైముక్కకూ కిందిముక్కకూ మధ్య వెంట్రుకవాసి తేడా, చారలు పైకప్పు నుంచి నిటారుగా దిగివచ్చి అక్కడ తడబడినట్టు అడుగు తప్పి మళ్ళీ నిటారుగా సాగిపోయాయి, చూసి పావుగంటయినా, బండి దిగి ఈ గాజుబల్ల ముందు కూర్చున్నా, నా కళ్ళు ఇంకా ఆ మూలనే తడుముతున్నాయి, బల్లమీద సంతకానికి సిద్ధంగా విప్పిన కాగితాలు, వాటిమీద మూత తీసి మరీ పెట్టిన షోరూము పెన్ను, ఎదుట ఖాళీ కుర్చీ, బండి ఏ తారీఖున అప్పగిస్తారో మేనేజరును కనుక్కుని వస్తానని సేల్స్‌మన్ లోపలికి వెళ్ళాడు, మా మరిది, అంటే మా చెల్లెలి భర్త, అమ్మకానికి పెట్టిన ఆ కొత్త మోటార్‌హోమ్‌లో, అంటే మంచమూ వంటిల్లూ ఉన్న ఇల్లుబండిలో, డ్రైవరు సీటు నుంచి ఇంకా దిగలేదు, స్టీరింగు రెండు చేతులా పట్టుకుని ఎక్కడో దూరాన ఉన్న మలుపును చూస్తున్నాడు, ఆయన ఎదుట ఉన్నది మంచినీళ్ళ యంత్రం.

కొనేది నేను, నా పేరున, నడిపేది కూడా నేనే, పెద్ద బండి నడిపే లైసెన్సు అరవై రెండో ఏట పరీక్షకు కూర్చుని తెచ్చుకున్నాను, మరిదికి సైకిలు తప్ప మరొకటి చేతకాదు, అయినా ఈ ఉదయం గుమ్మం దాటినప్పటి నుంచి సేల్స్‌మన్ ఇంజను గురించి ఆయనకూ పొయ్యి గురించి నాకూ చెప్పుకుంటూ వచ్చాడు, రండి సార్, డీజిల్ సార్, పికప్ చూడండి సార్, మేడమ్, ఇదిగోండి మీ వంటిల్లు, నాలుగు డ్రాయర్లు, ఎంత ముద్దుగా ఉన్నాయో చూడండి, వెనక ఇరుసు ఎంత బరువు మోస్తుందని నేను అడిగితే జవాబును నా తల మీదుగా మరిదికి అందించాడు, మరిది దాన్ని బుద్ధిగా అందుకుని, ఓహో, అన్నాడు, ఇరుసంటే ఏమిటో ఆయనకు తెలియదని నాకు తెలుసు, నాకు తెలుసునని ఆయనకూ తెలుసు, చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గాని ఇక్కడ వినేదాన్ని మనుషుల్లోనే జమకట్టలేదు, నేను నవ్వలేదు, గొంతు పెంచలేదు, అదే ప్రశ్నను అవే మాటలతో రెండోసారి అడిగాను, మూడోసారి అడిగాను, నాలుగోసారికి అతను నా ముఖం చూసి జవాబిచ్చాడు, ముప్పైనాలుగేళ్ళ ఉద్యోగంలో నేను నేర్చుకున్న కొద్దిపాటి లౌక్యంలో ఇదొకటి, కోపాన్ని సన్నగా చెక్కుకుంటే పెన్సిలులా పనికొస్తుంది.

ఆ ముప్పైనాలుగేళ్ళూ నా పని కాగితంతోనే, పాత పత్రాలు దాచే భాండాగారంలో చినిగినవాటిని అతికించడం, చెదలు తిన్నవాటిని నిలబెట్టడం, తడిసినవాటిని ఆరబెట్టడం, తడి అన్నది కంటికి కనపడేలోపే ముక్కుకు తెలుస్తుంది, వేలికి తెలుస్తుంది, నేను ఉద్యోగ విరమణ చేసిన ఏడాదే చిన్న చిన్న గ్రంథాలయాల నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి, మా దగ్గరి పుస్తకం ముట్టుకుంటే పొడి రాలుతోంది, మీ దాకా పంపితే దారిలోనే పోతుంది, మీరే రాలేరా, ఎందుకు రాలేను, మంచం పక్కన నా పనిబల్ల, ఆ ముద్దొచ్చే నాలుగు డ్రాయర్లలో జిగురూ పల్చటి కాగితమూ కుంచెలూ, భోజనాల చోట నొక్కుడు యంత్రం, బండే ఇల్లూ పనిశాలా అయితే వాళ్ళ గుమ్మం ముందు ఆపుకుని పని చేసి పెట్టగలను, కొండమీది గ్రంథాలయానికి మాట కూడా ఇచ్చేశాను, వానలు పట్టేలోపు వస్తానని, వాళ్ళ దగ్గర పదకొండు చేతిరాత సంపుటాలున్నాయి, వేటికీ రెండో ప్రతి లేదు, కాబట్టి ఈ బండి కప్పు కారితే తడిసేది నా పరుపు ఒక్కటే కాదు, లోకంలో ఇంకెవరి దగ్గరా లేని పుస్తకం తడుస్తుంది, ఈ మాట మరిదికి మూడుసార్లు చెప్పాను, మూడుసార్లూ ఆయన ఒకటే అన్నాడు, అందుకే కదా వదినగారూ కొత్తది కొనమంటున్నాం, మీ చెల్లెలూ అదే అంటోంది, కొత్త ఒక వింత పాత ఒక రోత అని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా, పెద్దవాళ్ళు ఆ మాటన్నది మీవంటి వాళ్ళను వెక్కిరించడానికి మరిదిగారూ, అన్నాను, ఆయన కాసేపు ఆలోచించి, అయినా సరే, అన్నాడు.

నిన్న చూసిన బండి పాతది, పదమూడేళ్ళది, పత్రికలో నాలుగు పంక్తుల ప్రకటన చూసి వెళ్ళాము, పంక్చర్లు వేసే దుకాణం వెనక ఖాళీ జాగాలో రేకుల నీడన ఉంది, అమ్ముతున్నావిడ పశువుల డాక్టరు, ఊరూరా తిరిగి పశువులకు వైద్యం చేసినన్నాళ్ళూ అందులోనే వండుకుని అందులోనే పడుకుందట, ఇప్పుడు మోకాళ్ళు మొండికేశాయి, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, నిచ్చెన తెచ్చి బండికి ఆనించి, మీలో కొనేదెవరు, అని అడిగింది, నేనన్నాను, అయితే మీరెక్కండమ్మా, ఆయన్ని కింద నిచ్చెన పట్టుకోమనండి, మరిది నిచ్చెన పట్టుకున్నాడు, ఎక్కడా వణకకుండా చక్కగానే పట్టుకున్నాడు, ఆ ఒక్క పనిలో ఆయనను మెచ్చుకోవాలి, నేను ఎక్కి చూసేలోపే కిందినుంచి ఆవిడ చెప్పుకుపోతోంది, వెనక అంచున చూడండి, నల్లగా ఉంటుంది, అక్కడే కారింది, ముందు పైపైన పూశాను, ఆగలేదు, తరవాత విప్పి కుళ్ళిన చెక్కంతా కోసి పారేశాను, ఎద్దుని కొనేవాళ్ళు పళ్ళు చూస్తారు కదమ్మా, పళ్ళు చూడనివ్వనివాడి దగ్గర ఎద్దుని కొనకూడదు, ఇదిగో నేనే నోరు తెరిచి చూపిస్తున్నా, కప్పుమీది ఆ అతుకు అరచేతి వెడల్పున ఉంది, ఆపరేషను కుట్లలా ఎగుడుదిగుడుగా, లోపల అదే చోట వేరే రంగు చెక్క, దానికి ఆరు మరలు, దాచే ప్రయత్నమే లేదు, మడతలు నొక్కడానికి నేను వాడే ఎముక బద్ద ఎప్పుడూ నా సంచిలోనే ఉంటుంది, దాని మొనతో ఆ చెక్కను అంగుళం అంగుళం కొట్టి విన్నాను, తడిసిన చెక్క మొద్దుగా పలుకుతుంది, ఇది ఎండిన కొయ్యలా ఖంగుమంది, అలమర తెరిస్తే తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించి ఉంది, ఏ వానకు కారింది, ఏ రోజున విప్పింది, చెక్క ఎంతమేర పోయింది, ఏది తీసి ఏది వేసింది, ఆ తరవాతి వానలకు ఏమైంది, పశువు జబ్బు రాసుకున్నట్టే రాసుకుంది, చివర, కోలుకుంది, మేత తింటోంది, అని ఉంది, మైదాజిగురు కావలసినదానికి మూడువంతులు ఎక్కువ పూసింది, కాగితం ముడతలు పడింది, పైగా కిందిసగం వట్టిగా వదిలేసింది, చక్కటి కాగితం వృథా, అనుకున్నాను, రేపు సాయంత్రం దాకా మీకోసం ఆపుతాను, ఎల్లుండి ఇంకొకరు చూడ్డానికి వస్తున్నారు, అంది డాక్టరు, దారిలో మరిది, ఆవిడ తన బండి లోపాలన్నీ తన నోటితోనే చెప్పుకుంది, అలాంటిది ఎవరైనా కొంటారా వదినగారూ, అని నవ్వాడు, నిజానికి ఆ నల్లటి అతుకు చూడగానే నా చేతులు ముడుచుకుపోయాయి, అంత మోటుపని నా బల్లమీద ఎవరైనా చేసి ఉంటే విప్పించి మళ్ళీ చేయించేదాన్ని, అందుకే ఈ ఉదయం ఎవరూ బలవంతపెట్టకుండానే ఇక్కడికి వచ్చాను, మచ్చలేని తెల్లటి గోడల కోసం వచ్చాను, వచ్చి చారలు అడుగు తప్పిన చోట ఆగిపోయాను.

సేల్స్‌మన్ తిరిగి వచ్చాడు, వెనకే మరిది కూడా బండి దిగి వచ్చి నా పక్క కుర్చీ లాక్కున్నాడు, పదో తారీఖు సార్, అన్నాడు సేల్స్‌మన్, పదో తారీఖట వదినగారూ, అన్నాడు మరిది నాకేదో అనువాదం అవసరమైనట్టు, మంచం తలవైపు మూలలో తొడుగు ఎందుకు మార్చారు, అని అడిగాను, అబ్బే, మార్చడమేంటి మేడమ్, కొత్త బండి, సీట్లమీద కవర్లు కూడా తీయలేదు, తొడుగు ఎందుకు మార్చారు, ఫ్యాక్టరీలో ఒక్కోసారి అలా వస్తుంటాయి మేడమ్, తొడుగు ఎందుకు మార్చారు, మరిది నాకు మాత్రమే వినపడేలా, చారలు కలవలేదని ఎవరైనా బండి మానుకుంటారా, అన్నాడు, నేను ఇంకోసారి అడగవలసి రాలేదు, అతను కాగితాలను ఒకసారి సర్ది, సార్ వైపు చూసి, ఫరవాలేదనుకున్నాడేమో, నావైపు తిరిగి నవ్వాడు, మీ కళ్ళకో దండం మేడమ్, యార్డులో నిలబెట్టినప్పుడు పైమూలలో కొంచెం వాననీళ్ళు దిగాయి, అంతే, మావాళ్ళు మొత్తం సరిచేసేశారు, మా మేనేజరుకే ఎక్కడో చూపించలేకపోయాం, అంత బాగా చేశారు, కనపడనే కనపడదు.

కనపడనే కనపడదు, ఎక్కడమ్మా ఆ చిరుగు, కనపడనే కనపడదే, అని భూతద్దం పట్టుకుని మా అధికారి నది పటం మీద వంగి వెతుకుతున్నాడు, అప్పటికి నాకు ముప్పైతొమ్మిదేళ్ళు, ఆ పటం బారెడు పొడవు, మధ్యలో నిలువుగా రెండుగా చినిగి వచ్చింది, ఆరు వారాలు కూర్చుని ఉల్లిపొర లాంటి కాగితం వెనక వేసి, పిండిజిగురుతో పోగుకు పోగు కలిపి, అంచుల్లో పాత కాగితపు రంగు అద్ది, నదిని మళ్ళీ ఒక్కటిగా పారించాను, చేసిన ప్రతి మరమ్మతూ ఒక పత్రంలో రాసి వస్తువుతో పాటు జతపరచడం మా చోట నియమం, ఎక్కడ చినిగింది, ఏ జిగురు వాడాము, పెన్సిలుతో, సిరా ఎప్పుడైనా చెమ్మకు పాకుతుంది కాబట్టి పెన్సిలుతోనే, నేను రాయలేదు, మరిచిపోయి కాదు, రాస్తే చోటు తెలిసిపోతుంది, చోటు తెలిసినవాడికి పనితనం తెలియదు, అధికారి వెతికి వెతికి ఓడిపోయిన ఆ క్షణాన్ని నేను అలాగే ఉంచుకోదలచుకున్నాను, ఏడేళ్ళకు, ఆ అధికారి బదిలీ అయిపోయాక, ఆ మధ్యలో పక్కబల్లకు వచ్చిన ఆవిడకు ఆ పటం పని పడింది, మరకలు వదలడానికి నీళ్ళలో పరిచింది, పత్రంలో ఏమీ లేదు కాబట్టి ఒకటే కాగితం అనుకుంది, పిండిజిగురు నీళ్ళలో ఎంతసేపు ఆగుతుంది, నేను అద్దిన రంగు పాకింది, నది రెండయింది, విచారణలో ఆవిడ అజాగ్రత్త అని రాశారు, ఆవిడను బల్ల దగ్గర నుంచి తీసి రశీదులు ఇచ్చే కిటికీ దగ్గర కూర్చోబెట్టారు, ఆ గదిలోనే నేను నా కుంచెలు కడుక్కుంటూ ఉన్నాను, ఒక్క మాట అనలేదు, ఆవిడకు తెలుసు, ఊడివచ్చిన అతుకు చూడగానే ఆ చేతి పని నాదేనని పక్కబల్ల మనిషికి తెలియదా, ఆఖరి రోజున కుళాయి దగ్గర చేతులు తుడుచుకుంటూ, ఒక్క ముక్క రాసి పెట్టి ఉంటే సరిపోయేది కదే, అంది, గొంతు పెంచలేదు, అంతే అంది, నేను కుళాయి కట్టేశాను.

వారంటీ ఉంది మేడమ్, అంటున్నాడు సేల్స్‌మన్, రెండేళ్ళ వారంటీ వదినగారూ, అంటున్నాడు మరిది, వాళ్ళను నేను తప్పుపట్టడం లేదు, ఆ మూలలో పని చేసినవాడి చేతులు నాకు బాగా తెలుసు, నావంటి చేతులే, పైన పటారం లోన లొటారం అని తోసిపుచ్చడానికి లేదు, లోపల కూడా బాగానే చేసి ఉండవచ్చు, ఉండకపోనూవచ్చు, రేపు అది మళ్ళీ కారినప్పుడు ఎక్కడ విప్పాలో నాకు చెప్పే కాగితం ఏదీ ఈ బల్లమీద లేదు, సంతకం పెట్టవలసినవి పన్నెండున్నాయి, చెప్పేది ఒక్కటీ లేదు, రెండు బండ్ల చెక్కలూ కొట్టి చూశాను, ఇరుసులు అడిగాను, ఎవరి దగ్గర కొంటున్నానన్నది మాత్రం అడగలేదు, కుట్లు పైకి కనపడేలా వేసి తేదీ వేసిన మనిషి దగ్గరే కొనాలి, ఇంత చిన్న సంగతి తేలడానికి ఆ కుళాయి కట్టేసిన రోజు నుంచి నాకు పద్దెనిమిదేళ్ళు పట్టింది, పెన్నుకు మూత పెట్టి సేల్స్‌మన్ చేతికే ఇచ్చాను, చాలా బాగా చేశారు మీవాళ్ళు, చేశామని రాసి పెడితే ఇంకా బాగుండేది, అన్నాను, ఈసారి అతను సార్ వైపు చూడలేదు, పదండి మరిదిగారూ, అన్నాను, ఎక్కడికి, నిచ్చెన పట్టుకోవాలి, ఆయన నిట్టూర్చి లేచాడు, సాయంత్రానికి ఇంకా చాలా పొద్దుంది, బయట ఎండలో నడుస్తుంటే ఆ అలమర తలుపు కళ్ళముందుకు వచ్చింది, ముడతలు పడిన కాగితం, పైసగం నిండా ఆవిడ వంకర రాత, కిందిసగం ఖాళీ, వృథా అనుకున్నాను నిన్న, తొందరపడ్డాను, ఆ జాగా బండిని తన తరవాత నడిపేవాళ్ళ కోసం వదిలింది, నా సంచిలో ఎముక బద్ద పక్కన పెన్సిలు ఉంది, మొన ఉందో లేదో వేలితో చూసుకున్నాను, ఉంది, అవునే, ఒక్క ముక్క రాసి పెడితే సరిపోతుంది, రాసి పెడతాను.