లీలావతి కోసం డాఫొడిల్ రీత్

రాయపూర్‌లో తెలుగు చర్చికి వచ్చేవాళ్ళలో ఎవరు పోయినా మొదటి ఫోన్ పాస్టర్ గారికి వెళ్తుంది, రెండోది హెలెన్‌కి. శవపేటిక మీద పెట్టే గుండ్రటి పూలచక్రం, రీత్ అంటారే, అది ఆమె కట్టాల్సిందే. వెదురుబద్దను గుండ్రంగా వంచి, గడ్డి చుట్టి, దాని మీద లిల్లీలూ చేమంతులూ ఒత్తుగా గుచ్చుతుంది. ముప్ఫై ఏళ్ళు నర్సుగా కట్లు కట్టిన చెయ్యి కాబట్టి, పెట్టెను గోతిలోకి దించేటప్పుడు కూడా ఒక్క పువ్వు జారదు. "హెలెనమ్మ రీత్ ఉంటే ఆ అందమే వేరు" అని ఎవరో ఒకసారి అన్నారు. ఏ సందర్భంలో అన్నారో పట్టించుకోకుండా హెలెన్ ఆ మాటను ఏళ్ళ తరబడి నెత్తిన పెట్టుకుని తిరిగింది.

ఆ గర్వమే కొంప ముంచింది. లీలావతి ఆమెకు నలభై ఏళ్ళ స్నేహితురాలు. ఇద్దరూ గోదావరి వైపు నుంచి ఒకే ఏడాది పెళ్ళి చేసుకుని ఈ ఊరు వచ్చారు, హిందీ రాక కూరగాయల బజారులో ఇద్దరూ కలిసే మోసపోయారు. రెండేళ్ళ క్రితం లీలావతి భర్త యోహాను పోయినప్పుడు హెలెన్ తన జీవితంలోకెల్లా గొప్ప రీత్ కట్టింది. కట్టి ఊరుకుందా? పొద్దుటి నుంచి దాని చుట్టూనే తిరిగింది. నీళ్ళు చిలకరించింది. ఫోటోలో సరిగ్గా పడేలా పక్కకు తిప్పింది. ఏడుస్తూ పెట్టె మీద వాలబోయిన ఒకావిడను "పువ్వులు నలుగుతాయమ్మా" అని వెనక్కి లాగింది. అంతసేపట్లో ఒక్కసారి కూడా లీలావతి పక్కన కూర్చోలేదు.

మూడో రోజు ప్రార్థనలో లీలావతి అందరి ముందూ అడిగేసింది. "పువ్వుల్ని చూసుకున్నావు సరే. నన్ను చూశావా?"

"పనంతా నెత్తిన వేసుకుని చేస్తే ఇదా నాకు దక్కేది?" అని హెలెన్ లేచి వచ్చేసింది. తప్పు తనదేనని ఆమెకు ఆటోలో ఇల్లు చేరేలోపే తెలిసిపోయింది. ఆ మాట వెళ్ళి చెప్పడానికి మాత్రం రెండేళ్ళు చాలలేదు. చర్చిలో ఆమె కుడివైపు కూర్చుంటే లీలావతి ఎడమవైపు కూర్చునేది.

ఈ ఫిబ్రవరిలో లీలావతికి గుండె ఆపరేషన్ అయింది. బీర్‌గావ్‌లో కూతురు రెబెకా ఇంట్లో ఉంచారు. ఆ సంగతి విన్న దగ్గర నుంచి హెలెన్‌కు ఫోన్ మోగితే చాలు, ఒళ్ళు చల్లబడుతోంది. లీలావతి పోతే రెండో ఫోన్ తనకే వస్తుంది. మాట కలపకుండానే తను ఆ రీత్ కట్టాలి. అది తన వల్ల కాదు. ఈలోపే వెళ్ళి మాట్లాడాలి, అంతే.

కానీ వట్టి చేతులతో వెళ్ళి క్షమించమని అడగడం హెలెన్‌కు చేతకాదు. అది చేతకానివాళ్ళందరూ ఏదో ఒక చేతిపని పట్టుకుంటారు. ఆమె ఫోన్‌లో ఒక వీడియో పట్టుకుంది. ఎక్కడో చలిదేశంలో ఒకావిడ, వసంతం వచ్చిందని పసుపుపచ్చటి డాఫొడిల్ పూలను చక్రంలా కట్టి వీధి తలుపుకు వేలాడదీస్తోంది. ఎంత బాగుందో! లీలావతి తలుపుకు ఇలాంటిది కట్టి, దాని కిందే నిలబడి చెప్పాల్సింది చెప్పేస్తే సరిపోతుందని ఆమెకు తోచింది.

డాఫొడిల్ పువ్వును హెలెన్ పుట్టి బుద్ధెరిగాక కళ్ళతో చూడలేదు. మార్చి నెల రాయపూర్‌లో మోదుగలు పూస్తాయి, మనుషులు మాడిపోతారు, డాఫొడిల్ మాటెవరెత్తుతారు? అందుకని పసుపు క్రేప్ కాగితం తెచ్చింది. గుడ్ల అట్ట గిన్నెలను కత్తిరించి నారింజరంగు వేసి పువ్వు మధ్యలో అతికించింది. మొదటి పువ్వు పచ్చగన్నేరులా వచ్చింది. పదో పువ్వు గోధుమపిండి ఉండలా వచ్చింది. ఇరవయ్యోది బాగానే వచ్చిందని మురిసిపోతుంటే పక్కింటి శేషమ్మ కిటికీలోంచి తొంగిచూసి, "గుమ్మడిపూలు ఎక్కడ దొరికాయి హెలెనమ్మా? పకోడీలు వేస్తన్నావా?" అంది. హెలెన్ కిటికీ వేసేసింది.

చక్రానికి ఈసారి వెదురు వద్దనుకుంది. వెదురంటే చావు పని, ఇది సంతోషానికి చేసేది. అంతవరకు ఆలోచించినందుకు తనను తానే మెచ్చుకుంది కూడా. జాగ్రత్తంతా అక్కడే ఖర్చయిపోయిందని తర్వాత గానీ తెలియలేదు. ఉర్లాలో ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకు కిరణ్‌ను ఒక రింగు చేసి తెమ్మంది. వాడు స్లాబులో వేసే ఇనుప చువ్వను వంచి, వెల్డింగు చేయించి, రెండు చేతులతో ఎత్తి తెచ్చాడు.

"ఏకదమ్ పక్కా అమ్మా. పచాస్ సాల్ దాకా ఏం కాదు," అన్నాడు, యాభై ఏళ్ళ గ్యారంటీ ఇస్తున్నంత గర్వంగా. బిడ్డకు తల్లి పోలికలే వచ్చాయి.

శనివారం పొద్దున్నే హెలెన్ ఇస్త్రీ చీర కట్టుకుని, ఆ రీత్‌ను ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కింది. డ్రైవరు అద్దంలో చూసి, మోగుతున్న పాట ఆపేసి, "కౌన్ గుజర్ గయా, అమ్మా?" అని మెల్లగా అడిగాడు.

ఎవరు పోయారని అతని ప్రశ్న. ఎవరూ పోలేదు, స్నేహితురాల్ని చూడ్డానికి వెళ్తున్నానని హెలెన్ హిందీలో చెప్పింది. "సహేలీ" అన్న మాట వినగానే అతను బాధగా తల ఊపాడు. భన్‌పురి దగ్గర లారీలు దారికి అడ్డంగా ఆగి ఉంటే, చెయ్యి బయటికి చాపి హెలెన్ ఒడి వైపు చూపించాడు. లారీలు పక్కకు జరిగాయి. ఒక క్లీనరు తలకున్న తువ్వాలు తీశాడు. ఈమధ్య రాయపూర్‌లో జనానికి మర్యాద పెరిగిందని హెలెన్ సంతోషించింది. దిగాక డ్రైవరు కిరాయి తీసుకోకుండా దణ్ణం పెట్టి వెళ్ళిపోయినా ఆమెకు బుర్ర వెలగలేదు.

రెబెకా తలుపు తీసింది. హెలెన్ పెద్దమ్మనూ, ఆవిడ చేతుల్లో రీత్‌నూ చూసింది. "అమ్మా!" అని ఒక్క కేక పెట్టి లోపలికి పరిగెత్తింది.

కేక విని పక్కవాటా వెంకటస్వామి చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని వచ్చి నిలబడ్డాడు. "ఎన్నింటికి పోయారమ్మా? రాత్రి కూడా దగ్గు వినిపించింది," అన్నాడు. ఎదురింటి ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళు ఇద్దరు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. అప్పుడు హెలెన్ తన చేతుల్లోకి చూసుకుంది. ముప్ఫై ఏళ్ళుగా ఈ ఊళ్ళో తను గుండ్రంగా ఏది కట్టి పట్టుకుని ఎవరి గుమ్మంలోకి వెళ్ళినా ఆ ఇంట్లో శవం ఉంది. మనవాళ్ళలో తలుపుకు రీత్ కట్టేవాళ్ళెవరు? వెదురు మానేస్తే సరిపోతుందనుకుంది మహాతల్లి! భూమి చీలితే లోపలికి పోదామనిపించింది. ఇనుము బరువుకు చేతులు కూడా అప్పుడే లాగడం మొదలుపెట్టాయి.

లోపలి నుంచి చెప్పుల చప్పుడు వినిపించింది. లీలావతి కూతురి భుజం పట్టుకుని నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చింది. సగమైపోయింది. ఆమెను చూసి వెంకటస్వామి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఎవరే పోయింది?" అంది లీలావతి.

ఆమె రీత్ వైపు చూసింది, హెలెన్ మొహం వైపు చూసింది. "నేనా?"

"కాదే. తలుపుకే. బయటిదేశాల్లో కడతారంట, వసంతానికి. సంతోషంగా ఉంటుందని..." ఆటోలో దారంతా వల్లించుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. "మళ్ళీ అదే చేశానే లీలా. మళ్ళీ పువ్వుల్నే చూసుకున్నాను. నిన్ను చూడలేదు. ఆ రోజు నీ పక్కన కూర్చోవాల్సింది. కూర్చోలేదు. తప్పు నాదే."

రెబెకా వచ్చి ఆ చక్రాన్ని అందుకోబోయి, బరువుకు ముందుకు తూలింది. చివరికి వెంకటస్వామి కూడా పట్టుకుంటే గోడకు చేర్చారు. ఏడవాల్సింది ఏమీ లేదని తెలిసి ఎదురింటి ఆడవాళ్ళు వెళ్ళిపోయారు.

లీలావతి మంచం మీద కూర్చుంది. హెలెన్ నిలబడే ఉంది. గోడకు ఆనించిన రీత్‌లో ఒక పువ్వు వంకరగా వేలాడుతోంది. వెళ్ళి సరిచేద్దామని చేతులు దురద పెడుతున్నాయి. ఆమె వెళ్ళలేదు. మంచం అంచున లీలావతి పక్కనే కూర్చుంది.

"ఆయనకి కట్టింది ఎలా ఉందో కూడా నాకు గుర్తులేదే," అంది లీలావతి. "ఎవరు పక్కన లేరో అదే గుర్తుంది."

హెలెన్ తల వంచుకుంది.

"ఇన్నేళ్ళు ఇంతమందికి కట్టావు. వాళ్ళలో ఒక్కళ్ళూ కళ్ళు తెరిచి చూడలేదు గదా. చూసినదాన్ని నేనొక్కదాన్నే," అంది లీలావతి. ఆ గుమ్మడిపూల వైపు పైనుంచి కింది దాకా నిదానంగా చూసింది. "నిజం చెప్పనా? ఏం బాలేదే."

హెలెన్‌కు నవ్వొచ్చింది. నవ్వుతూనే భోరున ఏడ్చేసింది. లీలావతి నవ్వబోయి, ఆపరేషన్ కుట్లు లాగి ఒక చేత్తో గుండె పట్టుకుంది. రెండో చేత్తో హెలెన్ చెయ్యి పట్టుకుంది, మధ్యాహ్నం అన్నాలవేళ దాకా వదల్లేదు.